వెలివేత పాఠం చెప్పడం ఎలా: గోపాల్‌పూర్ రేవు నుంచి ఏంజెల్ ద్వీపం దాకా

పంతొమ్మిదో శతాబ్దంలో బతుకుతెరువు కోసం అమెరికాకు వెళ్ళిన చైనీయులను ఆ దేశం మొదట ఎలా వాడుకున్నదో, తరువాత చట్టాలు చేసి ఎలా బయటకు నెట్టిందో చెప్పే పాఠాన్ని గంజాం, గజపతి, రాయగడ జిల్లాల తెలుగు పిల్లలకు ఏ పద్ధతిలో చెబితే తలకెక్కుతుందన్నది ఈ వ్యాస విషయం. బరంపురంలో మా ఇంటి వసారాలో ఆదివారం పూట తెలుగు చదవడం, రాయడం నేర్చుకోవడానికి వచ్చే పిల్లలకు ఈ పాఠాన్ని కొన్నేళ్ళుగా చెబుతున్నాను. వారిలో ఎక్కువమంది 12 నుంచి 16 ఏళ్ళవారు. ఇంట్లో తెలుగు, బజారులో ఒడియా, బడిలో ఆంగ్లం వారికి అలవాటు.

మొదటిసారి నేను నేరుగా కాలిఫోర్నియాతో మొదలుపెట్టి పొరపాటు చేశాను. పది నిమిషాలకే సగంమంది వీధి వైపు చూడసాగారు. చివరికి ఒక అమ్మాయి 'పాపం చైనావాళ్ళు, మాస్టారూ' అన్నది, ఆ పాపంతో పాఠం ముగిసిపోయింది. జాలి పుట్టించడం ఏమంత కష్టం కాదు. అయితే జాలిపడిన పిల్లవాడే ఆ సాయంత్రం ఆటస్థలంలో మరొకడిని ముక్కును బట్టో రంగును బట్టో పేరు పెట్టి వెక్కిరించగలడు. మనుషుల్లోని ఓర్వలేనితనం గుమస్తా చేతిలో రిజిస్టరుగా, రసీదుగా, ప్రశ్నల పట్టికగా ఎలా మారుతుందో పిల్లలు కళ్ళారా చూడాలన్నది అప్పటి నుంచి నా పట్టుదల. అందువల్ల ఇక్కడ చెప్పబోయే పద్ధతి అంతా కాగితాల చుట్టూనే తిరుగుతుంది. దీనికి నాలుగు ఆదివారాలు పడుతుంది. అయిదు పట్టినా తొందరపడవలసిన పని లేదు.

ముందుగా ఇంటి పెట్టె

పాఠానికి వారం ముందే పిల్లలకు ఒక పని అప్పగించండి. తమ ఇంట్లో గాని, బంధువుల ఇళ్ళలో గాని రంగం వెళ్ళివచ్చినవారు ఎవరైనా ఉన్నారేమో మామ్మను, తాతగారిని అడిగి రమ్మనండి. రంగూన్‌ను మన పెద్దలు రంగమనే అంటారు. ఆ మాట వాడితేనే వారికి సంగతులు గుర్తుకు వస్తాయి, మయన్మార్ అని అడిగితే మనకు ఎవరూ లేరని చెప్పేస్తారు. 1936 ఏప్రిల్ 1న ఒడిశా వేరే రాష్ట్రంగా ఏర్పడేదాకా గంజాం మద్రాసు ప్రెసిడెన్సీలోనే ఉండేది. ఆ రోజుల్లో గంజాం, విశాఖపట్నం, గోదావరి జిల్లాల నుంచి ఏటా వేల కొద్దీ కూలీలు బర్మాకు పోయి, రంగూన్ రేవులోనూ ధాన్యపు మిల్లుల్లోనూ పనిచేసి వచ్చేవారు. ఇప్పుడు పిల్లలు ఇసుకలో ఆడుకుని, వేయించిన చేప తిని వచ్చే గోపాల్‌పూర్ అప్పట్లో స్టీమర్లు ఆగే రేవు. పాత కట్టడపు స్తంభాలు ఒడ్డున ఇంకా కనిపిస్తాయి. కాకినాడ దగ్గరి కోరంగి రేవు పేరు మీద రంగూన్‌లో తెలుగు కూలీలను కోరంగీలనేవారు. గోపాల్‌పూర్‌లో ఓడ ఎక్కినవాడు, ఎన్నడూ కోరంగి ముఖం చూడనివాడు కూడా అక్కడ దిగేసరికి కోరంగీ అయిపోయేవాడు. కొత్త దేశం ముందుగా చేసే పని మన పేరు మార్చడమేనని పిల్లలకు ఇక్కడే చెప్పి ఉంచండి, తరువాత పనికివస్తుంది.

అడిగే తీరు నేర్పి మరీ పంపాలి. 'మిమ్మల్ని అక్కడ చిన్నచూపు చూశారా' అని అడిగితే, 'అదేం లేదు నాయనా, బాగానే చూసుకున్నారు' అని పెద్దలు మాట దాటవేస్తారు. కనుక వస్తువుల గురించి అడగమనండి. పెట్టెలో ఏం సర్దుకున్నారు, డెక్కు మీద ఏం వండుకు తిన్నారు, కూలీలను కుదిర్చి తీసుకుపోయే మేస్త్రీ ముందుగా ఎంత చేతిలో పెట్టాడు, ఇంటికి డబ్బు ఎవరితో పంపేవారు, అక్కడివాళ్ళు ఏమని పిలిచేవారు అన్న ప్రశ్నలకు జవాబులు వస్తాయి. చివరి ప్రశ్న దగ్గర కొందరు కాసేపు ఆగుతారు. భారతీయులను బర్మావారు 'కలా' అని పిలిచేవారు, ఆ పిలుపు ఎప్పుడు మామూలుగా పలికేవారో ఎప్పుడు ఉమ్మినట్టు పలికేవారో విన్నవారికే తెలుసు. 1942లో జపాను సేనలు బర్మాను ఆక్రమించినప్పుడు అడవులూ కొండలూ దాటి కాలినడకన వచ్చిన లక్షలాది మందిలో అప్పటి పసిపిల్లలు తప్ప ఈనాడు దాదాపు ఎవరూ మిగలలేదు. 1962లో నే విన్ సైనిక పాలన వచ్చి, ఆ తరువాత దుకాణాలను జాతీయం చేసినప్పుడు తిరిగివచ్చిన కుటుంబాలవారు మాత్రం ఇంకా ఉన్నారు. విశాఖలో బర్మా క్యాంపు పేట ఆ రాకపోకల గుర్తే. ఎవరైనా పెద్దవారు మౌనంగా ఉండిపోతే రెండోసారి అడగవద్దని పిల్లలకు గట్టిగా చెప్పండి.

రంగంతో సంబంధం లేని ఇళ్ళూ ఉంటాయి. ఆ పిల్లలు సూరత్ గురించి అడిగి వస్తారు. గంజాం జిల్లా నుంచి సూరత్ మరమగ్గాలకు పోయిన మనిషి లేని వీధి వెతికినా దొరకడం కష్టం.

రెండు రేవులు, ఒకే అప్పు

మొదటి ఆదివారం గోడకు రెండు పటాలు తగిలించండి. ఒకటి బంగాళాఖాతానిది, మరొకటి పసిఫిక్ మహాసముద్రానిది. మొదటిదాని మీద గోపాల్‌పూర్ నుంచి రంగూన్‌కు, రెండోదాని మీద హాంకాంగ్ నుంచి శాన్‌ఫ్రాన్సిస్కోకు ఎర్రదారం లాగమనండి. 1848లో కాలిఫోర్నియాలో బంగారం బయటపడింది. ఆ వార్త విని బయలుదేరిన చైనీయుల్లో ఎక్కువమంది దక్షిణాన గ్వాంగ్‌డాంగ్ రాష్ట్రంలో పెర్ల్ నది ముఖద్వారం చుట్టుపక్కల జిల్లాలవారు, అందులోనూ తైషాన్ ప్రాంతంవారు. చైనా అంటే పిల్లలు ఒకే ముద్దగా ఊహించుకుంటారు. మనలాగే కొన్ని జిల్లాలవారే వలసపోయారని పటం మీద చూపితే ఆ ముద్ద కరుగుతుంది. వారు కాలిఫోర్నియాను బంగారు కొండ అని పిలుచుకున్నారు, శాన్‌ఫ్రాన్సిస్కోకు చైనా భాషలో ఈనాటికీ పాత బంగారు కొండ అన్న పేరే ఉన్నది. ఈ సంగతి చెప్పగానే మా తరగతిలో ఒక అబ్బాయి, రంగంలో చెట్లకు రూపాయలు కాస్తాయని విని తన ముత్తాత ఓడ ఎక్కాడట అని చెప్పి తానే నవ్వాడు. ఆ తరువాత నేను ఎవరినీ ఇటు చూడమని అడగవలసిన అవసరం రాలేదు.

ఆ మీదట అప్పు లెక్క చేయించండి. అమెరికా వెళ్ళే చైనీయుల్లో చాలామందికి ఓడ టిక్కెట్టు డబ్బు దళారీ ముందుగా పెట్టేవాడు. కూలీ అక్కడ చేరి, పనిచేసి, వడ్డీతో సహా తీర్చేవాడు. మన మేస్త్రీ అడ్వాన్సు కూడా ఇదే పద్ధతి, ఒడియాలో దాదన్ అంటున్నదీ ఇదే. ఇక్కడ నూట యాభై ఏళ్ళ క్రితపు డాలర్లతో పిల్లలను తికమకపెట్టకుండా, వారు ఇంటి నుంచి తెచ్చిన సూరత్ లెక్కలనే నల్లబల్ల మీద వేయించండి. నెలకు ఎంత పంపితే ఎన్ని నెలలకు అప్పు తీరుతుంది, మధ్యలో జ్వరం వచ్చి నెల రోజులు మంచాన పడితే ఏమవుతుంది అని అడగండి. అప్పు మీద వచ్చినవాడు తక్కువ కూలికైనా తలవంచుతాడన్న సంగతి వారికి వారే కనిపెట్టాలి, ఎందుకంటే స్థానిక కార్మికుల కోపం తరువాత నిలబడేది దీని మీదనే.

అయితే తలవంచడంతో కథ ఆగలేదని కూడా చెప్పాలి. సెంట్రల్ పసిఫిక్ రైలు కంపెనీ 1865 నుంచి వేల సంఖ్యలో చైనీయులను పనిలో పెట్టుకుని సియెర్రా నెవాడా కొండల్లో సొరంగాలు తవ్వించింది. 1867 జూన్‌లో వారు కొండ పొడవునా ఒక్కసారిగా పనిముట్లు కింద పెట్టి, జీతం పెంచమనీ పనిగంటలు తగ్గించమనీ అడిగారు. కంపెనీ పైకి తిండి సరుకులు పంపడం ఆపివేసింది. వారం రోజుల్లో సమ్మె విరిగిపోయింది. చైనీయులు ఎంత పెట్టినా నోరెత్తని మనుషులన్న ప్రచారం ఆ తరువాత కూడా సాగింది. 1869 మే 10న యూటాలోని ప్రోమాంటరీ దగ్గర తూర్పు పట్టాలూ పడమటి పట్టాలూ కలిశాయి. రైలు పని అయిపోయింది, కూలీలు మిగిలారు.

చట్టాలను తాడు మీద ఆరవేయడం

రెండో ఆదివారం వసారాలో ఆ స్తంభం నుంచి ఈ స్తంభానికి ఒక తాడు కట్టండి. ఒక్కొక్క చట్టాన్నీ, తీర్పునూ ఒక్కొక్క అట్టముక్క మీద పెద్ద అక్షరాలతో రాసి, సంవత్సరాల వరుసలో బట్టల క్లిప్పులతో పిల్లల చేతనే తగిలించండి. 1850లో కాలిఫోర్నియా విదేశీ గని కార్మికుల మీద నెలకు 20 డాలర్ల పన్ను వేసింది. 1852లో మళ్ళీ వేసిన తక్కువ రేటు పన్ను ఎక్కువగా చైనీయుల నుంచే వసూలయింది. 1854లో ఆ రాష్ట్ర సుప్రీంకోర్టు తెల్లవారికి వ్యతిరేకంగా చైనీయుడి సాక్ష్యం చెల్లదని తీర్పు ఇచ్చింది. 1875 నాటి పేజ్ చట్టం వేశ్యావృత్తిని అడ్డుకునే పేరుతో చైనా స్త్రీల రాకకే దాదాపుగా తలుపు మూసింది. 1882 మే 6న అధ్యక్షుడు చెస్టర్ ఆర్థర్ సంతకంతో చైనీయుల ప్రవేశ నిషేధ చట్టం వచ్చింది. పదేళ్ళపాటు చైనా కార్మికులు రాకూడదు, అక్కడ ఉన్నవారికి పౌరసత్వం ఇవ్వకూడదు అన్నది దాని సారం. 1892లో గియరీ చట్టం మరో పదేళ్ళు పొడిగించి, నివాస ధ్రువపత్రం లేని చైనా కార్మికుణ్ణి అరెస్టు చేయవచ్చన్నది. 1902లో మళ్ళీ పొడిగించారు, ఈసారి గడువు పెట్టలేదు.

వీటన్నింటినీ సమానంగా వివరించబూనితే పిల్లలు నిద్రపోతారు. రెండు అట్టముక్కల దగ్గర మాత్రం ఆగండి. ఒకటి 1854 నాటి తీర్పు. సాక్ష్యం చెల్లదంటే ఏమిటో పిల్లలకు మాటలతో అర్థం కాదు. ఒక పిల్లవాడి చేతిలోని పెన్సిలును అందరి ఎదుట తీసుకుని, 'ఇది నీదని ఎవరు చెప్పగలరు' అని అడగండి. అందరూ చేతులెత్తుతారు. 'మీలో ఎవరి మాటా నేను వినను, నా వైపువాడు ఒకడు చెబితేనే వింటాను' అని పెన్సిలు జేబులో పెట్టుకోండి. ఆ పెన్సిలును తరగతి అయ్యేదాకా తిరిగి ఇవ్వవద్దు.

రెండోది 1888 నాటి స్కాట్ చట్టం. స్వదేశానికి వెళ్ళి తిరిగిరావచ్చని ప్రభుత్వమే రాసి ఇచ్చిన పత్రాలను ఈ చట్టం ఒక్క కలంపోటుతో రద్దు చేసింది. అప్పటికి దాదాపు 20,000 మంది ఆ పత్రాలు పెట్టుకుని అమెరికా వెలుపల ఉన్నారు. పన్నెండేళ్ళు శాన్‌ఫ్రాన్సిస్కోలో ఉండి, 1887లో సొంత ఊరు చూసి రావడానికి వెళ్ళిన చే చాన్ పింగ్ అనే కార్మికుడు ఓడలో తిరిగివస్తూ ఉండగానే చట్టం అమలులోకి వచ్చింది. అక్టోబరు 1న చట్టం, 8న ఓడ. అతణ్ణి దిగనివ్వలేదు, 1889లో అమెరికా సుప్రీంకోర్టు కూడా ప్రభుత్వం వైపే నిలిచింది. దీన్ని మా పిల్లలకు బుఢీ ఠాకురాణి యాత్రతో పోల్చి చెబుతాను. రెండేళ్ళకోసారి వచ్చే ఆ యాత్రకు సూరత్ నుంచి బరంపురం వచ్చిన బాబాయి, పెట్టె సర్దుకుని తిరిగి సూరత్‌లో రైలు దిగేసరికి నీ గది, నీ మగ్గం, నీ గుర్తింపు కార్డు ఏవీ నీవి కావని స్టేషనులోనే చెప్పి పంపేస్తే ఎలా ఉంటుందో ఊహించమంటాను.

చంపడాల గురించి ఎంత చెప్పాలన్నది పిల్లల వయసును బట్టి ఉంటుంది. ఒక్కటి చాలునని నా అభిప్రాయం. 1885 సెప్టెంబరు 2న వయోమింగ్ ప్రాంతంలోని రాక్ స్ప్రింగ్స్ బొగ్గుగనుల దగ్గర తెల్ల గని కార్మికులు 28 మంది చైనీయులను చంపి, వారి పేటను తగులబెట్టారు; ఎవరికీ శిక్ష పడలేదు. తాడు మీద 1854 అట్టముక్క ఎక్కడ ఉన్నదో చూపించి ముందుకు సాగండి.

లాండ్రీల లెక్క

ఇది చిన్న పాఠం, కాని నాకు ఇష్టమైనది. శాన్‌ఫ్రాన్సిస్కో నగరంలో అప్పట్లో దాదాపు 320 లాండ్రీలు ఉండేవి, అందులో 310 చెక్క కట్టడాలు, 240 దాకా చైనీయులవి. 1880లో నగర పాలకులు చెక్క కట్టడంలో లాండ్రీ నడపాలంటే అనుమతి తీసుకోవాలని నిబంధన పెట్టారు. నిప్పు భయం నిజమే, నిబంధనలో చైనీయుల ఊసే లేదు. ఇంతవరకు చెప్పి, ఈ చట్టం మంచిదా చెడ్డదా అని ఓటు వేయించండి. దాదాపు అందరూ మంచిదే అంటారు. అప్పుడు రెండో అంకె చెప్పండి. అనుమతి అడిగిన చైనీయులు సుమారు 200 మంది, వారిలో ఒక్కరికీ ఇవ్వలేదు. తక్కినవారు సుమారు 80 మంది, వారిలో ఒక్కరికి తప్ప అందరికీ ఇచ్చారు. యిక్ వో అనే దుకాణం పేరు మీద సాగిన కేసులో 1886లో సుప్రీంకోర్టు, పైకి నిష్పక్షపాతంగా కనిపించే చట్టాన్ని అమలులో పక్షపాతంగా వాడడం కూడా అన్యాయమేనని తీర్పు ఇచ్చింది.

ఎవరి పేరూ చెప్పకుండా ఎవరినో ఏరివేసే నిబంధనలు మన ఊళ్ళో ఉన్నాయేమో వెతికి రమ్మని ఇంటిపని ఇవ్వండి. అద్దె ఇంటి బోర్డుల మీద మాంసాహారుల సంగతి మా పిల్లలు వెంటనే పట్టుకున్నారు. ఒక అబ్బాయి మాత్రం, ఒడిశాలో ప్రభుత్వ ఉద్యోగానికి ఒడియా రావాలన్న నిబంధన తెలుగువాళ్ళను ఏరివేయడానికేనని వాదించాడు. ఇటువంటి చోట ఉపాధ్యాయుడు మొహమాటపడకూడదు. ఊరి భాష నేర్చుకొమ్మని అడగడానికీ, ఏ భాష వచ్చినా రాకుండా చేయడానికీ తేడా ఉన్నదని చెప్పి, ఆస్ట్రేలియా ఉదాహరణ చూపించాను. 1901లో ఆ దేశం వలసదారులకు ఏదైనా ఒక ఐరోపా భాషలో చెప్పురాత పరీక్ష పెట్టింది. ఏ భాషో అధికారి ఇష్టం. చైనీయుడికి ఆంగ్లం బాగా వస్తే మరో భాషలో చెప్పేవారు. 1934లో పలు భాషలు వచ్చిన ఎగాన్ కిష్ అనే ఐరోపా రచయితను అడ్డుకోవడానికి స్కాట్లాండు గేలిక్ భాషలో పరీక్ష పెట్టారు. ఈ పరీక్ష 1958 దాకా చట్టంలో ఉన్నది. ఒడియా పరీక్షకు తేదీ ఉంటుంది, పుస్తకం ఉంటుంది, రాసి నెగ్గినవాళ్ళూ మా వీధిలోనే ఉన్నారు. అబ్బాయి పూర్తిగా ఒప్పుకోలేదు, నేనూ ఒప్పించే దాకా పట్టుబట్టలేదు.

కెనడా, న్యూజిలాండ్ దేశాలు వచ్చే చైనీయుల మీద వేసిన తలపన్నుల గురించి ఒక్క వాక్యం చాలు. కెనడా 1885లో మనిషికి 50 డాలర్లతో మొదలుపెట్టి 1903 నాటికి 500 చేసి, 1923లో తలుపే మూసివేసింది.

ప్రశ్నల గది

మూడో ఆదివారం మొత్తం ఏంజెల్ ద్వీపానికే కేటాయించండి. శాన్‌ఫ్రాన్సిస్కో అఖాతంలోని ఈ ద్వీపంలో 1910 నుంచి 1940 దాకా వలసదారులను నిలిపి ఉంచి విచారించే కేంద్రం ఉండేది. నిషేధం ఉన్నా చైనా వర్తకులకు, విద్యార్థులకు, అమెరికా పౌరుల పిల్లలకు ప్రవేశం ఉన్నది. అక్కడ పుట్టినవాడు పౌరుడేనని 1898లో వాంగ్ కిమ్ ఆర్క్ కేసులో సుప్రీంకోర్టు చెప్పింది. 1906 ఏప్రిల్‌లో శాన్‌ఫ్రాన్సిస్కోలో భూకంపం వచ్చి, అగ్నిప్రమాదంలో జనన రికార్డులు కాలిపోయాయి. దానితో చాలామంది చైనీయులు తాము అక్కడే పుట్టామనీ, చైనాలో తమకు ఇంతమంది కొడుకులు ఉన్నారనీ రాయించుకుని, ఆ కొడుకుల చోట్లను ఊరివారికి, బంధువులకు, డబ్బు ఇచ్చినవారికి ఇచ్చేవారు. వీరినే కాగితపు కొడుకులు అన్నారు. అది అబద్ధమే కదా అని పిల్లలు అడుగుతారు, అడగనివ్వండి, అబద్ధమే. నిజం చెబితే ఏమయ్యేదో తాడు మీద చూడమనండి.

ఈ అబద్ధాన్ని పట్టుకోవడానికి అధికారులు వేసిన ప్రశ్నలు విచిత్రంగా ఉండేవి. మీ ఇంటి గుమ్మానికి ఎన్ని మెట్లు, బియ్యం డబ్బా ఏ మూల ఉంటుంది, మీ వరుసలో మూడో ఇల్లు ఎవరిది, బావి ఎంత దూరం అన్న తీరులో అడిగి, అవే ప్రశ్నలు తండ్రిని విడిగా అడిగి, జవాబులు సరిపోల్చేవారు. తేడా వస్తే ఓడలో వెనక్కి పంపేవారు. అందుకోసం వచ్చేవారు ఓడలో ప్రశ్నోత్తరాల పుస్తకాలు బట్టీపట్టి, రేవు దగ్గరపడగానే సముద్రంలో పారేసేవారు. నిజమైన కొడుకులూ బట్టీపట్టవలసి వచ్చేది, ఎందుకంటే సొంత ఇంటి మెట్లు ఎవరు లెక్కపెట్టుకుంటారు? నెలల తరబడి ఆ గదుల్లో ఉన్నవారు చెక్కగోడల మీద పద్యాలు చెక్కారు. కేంద్రం మూతపడ్డాక వాటిని పట్టించుకున్నవారు లేరు. 1970లో కట్టడాన్ని పడగొట్టబోతున్న సమయంలో అక్కడి పార్కు ఉద్యోగి అలెగ్జాండర్ వైస్ ఆ రాతలను గమనించడం వల్ల అవి మిగిలాయి.

ఈ విచారణను తరగతిలో ఆడించవచ్చు, కాని జాగ్రత్త అవసరం. మొదటి ఏడాది నేను ఒక పెద్ద అబ్బాయిని అధికారిగా కూర్చోబెట్టి, పిల్లలను తమ తమ ఇళ్ళ గురించే ప్రశ్నలు అడగమన్నాను. అతనికి కుర్చీ ఎక్కిన అయిదు నిమిషాలకే గొంతు మారిపోయింది. ఒక చిన్న అమ్మాయి మెట్ల లెక్క తప్పు చెప్పగానే, 'నువ్వు నిజంగా వాళ్ళ అమ్మాయివేనా' అని గద్దించాడు. ఆ ప్రశ్న పాఠంలోదే, నేను రాసి ఇచ్చిందే. ఆ అమ్మాయిని పసితనం నుంచి పిన్ని, బాబాయి పెంచుకుంటున్న సంగతి వీధి అంతటికీ తెలుసు, నాకూ తెలుసు, ప్రశ్న రాసేటప్పుడు మాత్రం నాకు తోచలేదు. ఆమె ఏడవలేదు. చెప్పులు వేసుకుని వెళ్ళిపోయి, మళ్ళీ మూడు నెలలకు గాని రాలేదు. ఆ సాయంత్రం వాళ్ళ పిన్ని వచ్చి గుమ్మంలోనే నిలబడి అడిగిన ప్రశ్నకు నా దగ్గర జవాబు లేకపోయింది.

అప్పటి నుంచి మూడు కట్టుబాట్లు పాటిస్తున్నాను, మీరూ పాటించండి. ప్రశ్నలు ఉపాధ్యాయుడే అడగాలి, అధికారి కుర్చీలో ఏ పిల్లవాడినీ కూర్చోబెట్టకూడదు. సొంత ఇంటి గురించి, సొంత తల్లిదండ్రుల గురించి ఏ ప్రశ్నా ఉండకూడదు. ఒక కల్పిత కుటుంబాన్ని రెండు పేజీల్లో రాసి ఇద్దరికి ఇచ్చి, పావుగంట బట్టీపట్టమనాలి. ఇల్లు ఎటు చూస్తుంది, ఆవు రంగు ఏమిటి, కుళాయి దగ్గర వేపచెట్టా రావిచెట్టా, పెద్దన్నయ్య పెళ్ళి ఏ నెలలో అయింది అన్న వివరాలు అందులో ఉండాలి. తరువాత కాగితాలు వెనక్కి తీసుకుని, ఒకరిని వసారాలో, ఒకరిని లోపలి గదిలో అడగాలి. ఎంత తెలివైనవారికైనా ఏడో ప్రశ్న లోపు తేడా వస్తుంది. తేడా వచ్చినప్పుడు తిట్టకుండా, నవ్వకుండా, కాగితం మీద టిక్కు పెట్టి 'తరువాతి వారు' అనాలి. గదిలో అరుపులు ఉంటాయని ఎదురుచూసిన పిల్లలను ఆ నెమ్మదైన టిక్కే ఎక్కువ భయపెట్టడం చూశాను.

ఆట అయ్యాక వెంటనే చర్చ పెట్టవద్దు. చెగోడీలో మరమరాలో పెట్టి, పది నిమిషాలు వదిలేయండి.

పక్కపక్కన పెట్టేటప్పుడు

నాలుగో ఆదివారం రంగం కాగితాలనూ అమెరికా అట్టముక్కలనూ పక్కపక్కన పెట్టి పోలికలు వెతకమనండి. పోలికలు పిల్లలకు సులువుగానే దొరుకుతాయి, తేడాలు వెతికించడంలోనే పని ఉన్నది. 1930 మేలో రంగూన్ రేవులో తెలుగు కూలీలు సమ్మె చేశారు. ఓడ కంపెనీలు వారి బదులు బర్మా కూలీలను తెచ్చాయి. సమ్మె తేలి తెలుగువారిని తిరిగి తీసుకుని బర్మావారిని పొమ్మన్నప్పుడు అల్లర్లు చెలరేగి వంద మందికి పైగా చనిపోయారు, వారిలో అత్యధికులు మనవారే. 1938లో మళ్ళీ అల్లర్లు జరిగాయి. ఇంతవరకు మనం బాధితులమే. కాని బర్మావారి వైపు నుంచి చూస్తే, తమ దేశాన్ని పట్టుకున్న ఆంగ్లేయుడు తమ రేవులో తక్కువ కూలికి పెట్టుకున్న మనిషి కోరంగీ. 1930ల మాంద్యంలో అప్పుల కింద తమ పొలాలు పోయింది కూడా భారతీయ వడ్డీ వ్యాపారులకే. అమెరికాలో చైనీయులను తరిమినవారు ఆ దేశంలో వలస పాలన కింద నలుగుతున్నవారు కారు. ఈ తేడా చెప్పకపోతే పిల్లలు రంగం కథను కాలిఫోర్నియా కథకు నకలుగా రాసిపెట్టుకుంటారు.

తరిమినవారు ఎవరు అన్న ప్రశ్న కూడా తప్పక వస్తుంది. 1877 నుంచి శాన్‌ఫ్రాన్సిస్కోలో 'చైనీయులు పోవాలి' అన్న నినాదంతో సభలు నడిపిన డెనిస్ కియర్నీ తానే ఐర్లాండు నుంచి వలసవచ్చినవాడు. ఇది చెప్పగానే తరగతిలో నవ్వులు పుడతాయి. నవ్వు తగ్గాక, ఆంధ్రలోని ఇచ్ఛాపురం దాటి వచ్చి బరంపురంలో స్థిరపడ్డ మనం, కొత్తగా వచ్చిన బీహారీ పానీపూరీ బండివాణ్ణి ఏమంటున్నామో ఒక్కసారి గుర్తుచేసుకోమనండి. మా వీధిలో అనే మాట నేను ఇక్కడ రాయను.

తరువాత మన దేశం సంగతి దాటవేయకూడదు. 1962లో చైనాతో యుద్ధం వచ్చినప్పుడు అస్సాం, డార్జిలింగ్, షిల్లాంగ్, కలకత్తా ప్రాంతాల్లో తరతరాలుగా ఉంటున్న చైనా సంతతివారిని సుమారు 3,000 మందిని పట్టుకుని, రైళ్ళలో రాజస్థాన్‌లోని దేవలీ శిబిరానికి తరలించారు. వారిలో మన దేశంలోనే పుట్టినవారు, మన భాషలు తప్ప చైనా భాష సరిగా రానివారు, పసిపిల్లలు ఉన్నారు. కొందరు ఏళ్ళ తరబడి అక్కడే ఉన్నారు. తిరిగివచ్చినవారిలో చాలామందికి ఇల్లూ దుకాణమూ మిగలలేదు. ఈ భాగానికి ఒకరిద్దరు తల్లిదండ్రులు అభ్యంతరం చెబుతారు, నాకూ చెప్పారు. గాల్వాన్‌లో మన సైనికులు చనిపోయారు కదా, పిల్లలకు చైనా మీద జాలి నేర్పుతారా అని అడిగారు. 2020 జూన్‌లో గాల్వాన్ లోయలో చనిపోయిన సైనికులకూ, 1962లో అస్సాంలోని మాకుమ్ ఊరిలో వడ్రంగం చేసుకుంటూ అరెస్టయిన మనిషికీ లంకె ఏదో చూపించమని అడిగాను. పిల్లలు మాత్రం ఇక్కడ నాకన్నా ముందే ఉన్నారు: అదే ఏడాది మన ఈశాన్య రాష్ట్రాలవారిని వీధుల్లో 'కరోనా' అని పిలిచిన సంగతి ఒక అమ్మాయి తనంతట తానే తెచ్చింది.

1943 డిసెంబరులో నిషేధ చట్టం రద్దయిందని చెప్పి తాడు మీద చివరి అట్టముక్క తగిలించండి. కాని పక్కనే రెండు అంకెలు రాయించండి. చైనీయులకు ఇచ్చిన కోటా ఏడాదికి 105 మంది. 1917 నుంచి తలుపు మూసి ఉన్న మనకు 1946లో ఇచ్చినది 100. అమెరికాలో అన్నయ్యో అక్కో ఉద్యోగం చేస్తున్న పిల్లలు ఆ వంద అంకెను రెండుసార్లు చదువుతారు. ఆ కోటాల పద్ధతిని 1965లో మార్చారు. మనవాళ్ళు అంతమంది వెళ్ళగలిగింది ఆ తరువాతనే.

కాగితాల సంగతి

ఈ నాలుగు వారాల్లో పిల్లలు ఇళ్ళ నుంచి పాత ఓడ టిక్కెట్లు, మనియార్డరు రసీదులు, బర్మా లిపిలో ముద్రవేసిన పత్రాలు, ట్రంకు పెట్టె మూతకు అంటించిన చీటీలు తెస్తారు. అసలు కాగితాలను ఒక్క రాత్రి కూడా మీ దగ్గర ఉంచుకోవద్దు. ఫోనుతో రెండు వైపులా ఫోటో తీసి, జెరాక్స్ తీయించి, ఆ పూటే ఎవరిది వారికి అప్పగించండి. మడతలు విరిగిపోయే కాగితాన్ని జెరాక్స్ యంత్రంలో పెట్టకండి, ఫోటోయే చాలు. ప్రతి నకలు వెనుకా ఎవరి ఇంటి నుంచి వచ్చింది, ఏ ఊరు, ఎవరు చెప్పిన సంగతి, ఏ తేదీన అని పెన్సిలుతో రాయించండి, ఎందుకంటే పెన్ను సిరా మన ఉప్పుగాలికి పాకుతుంది. పెద్దవారి పేరు బయటకు చెప్పవద్దని ఇంటివారు కోరితే పేరు బదులు ఒక అంకె వేయండి. మా తరగతి సంచిలో ప్రస్తుతం 41 నకళ్ళు ఉన్నాయి, వాటిలో ఏడింటికి పేర్లు లేవు.